బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు

బరంపురం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది: "వ్యూస్ లేని రోజుల్లో ఏ పాట హిట్టో మీకెలా తెలిసేది తాతయ్యా?" అని. ఫోన్‌లో చెబితే సగం విని ఇంకో పనిలో పడతారు మీరు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

హిందీ పాటల సంగతి బుధవారం రాత్రి ఎనిమిదింటికి, బినాకా గీత్‌మాలా అనే రేడియో ప్రోగ్రామ్‌లో తెలిసేది. అదీ మన దేశపు రేడియోలో కాదు, సిలోన్‌లో. ఇప్పటి శ్రీలంక అన్నమాట. పాటలేమో బొంబాయివి. చెప్పే అమీన్ సయానీ గారు బొంబాయి మనిషి. ఖర్చు బినాకా టూత్‌పేస్టు వాళ్ళది. ప్రోగ్రామ్ కూడా బొంబాయిలోనే రికార్డు చేసి, ఆ టేపుల్ని విమానంలో కొలంబో పంపేవారు. అక్కణ్ణించి గాలిలో మళ్ళీ మన ఇంటికి! ఈ చుట్టుతిరుగుడు ఎందుకంటే, 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ గారికి సినిమా పాటలు గిట్టవు. జనం శాస్త్రీయ సంగీతం వినాలని ఆయన పట్టుదల. ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కరువైంది. జనం మాత్రం ఊరుకుంటారా? రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. అదే ఏడాది డిసెంబర్ 3న బినాకా గీత్‌మాలా మొదలైంది. మనవాళ్ళు తేరుకుని వివిధ భారతి పెట్టేసరికి 1957 వచ్చింది.

నేను పుట్టకముందు సంగతి ఇది. మొదట్లో అది జాబితా కానే కాదట, పోటీ. ఏడు పాటలు వరస కలిపేసి వేస్తారు, వాటిలో ఏ పాట ముందు విడుదలైందో ఏది తర్వాతో సరిగ్గా వరస పెట్టి ఉత్తరం రాయాలి. బహుమతి వంద రూపాయలు. మొదటి ప్రోగ్రామ్‌కే 9,000 ఉత్తరాలు వచ్చాయట, తర్వాత వారానికి 65,000 దాకా పోయాయట. అన్ని ఉత్తరాలు విప్పి చూడడం ఎవరి తరం? దాంతో పోటీ ఎత్తేసి, పాటలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టారు. రికార్డులు అమ్మే షాపుల్లో ఏది ఎక్కువ అమ్ముడుపోయింది, ఊరూరా ఉన్న శ్రోతల సంఘాలు ఏం రాశాయి, ఇవీ లెక్క. అంటే మీ ఫోన్‌లా మీరు విన్నదల్లా దానంతటది లెక్కలో పడిపోదు. మనిషి లేచి వెళ్ళి రికార్డు కొనాలి, లేదా కార్డు కొని రాసి పోస్టు డబ్బాలో వెయ్యాలి.

కింది నుంచి పైకి చెప్పుకొచ్చేవారు. మెట్టును 'పాయ్‌దాన్' అనేవారు. చాలా వారాలు నిలబడిన పాటకు బిగుల్ ఊది సత్కారం కూడా ఉండేది. మాకు హిందీ బళ్ళో వచ్చిందానికన్నా "బెహనో ఔర్ భాయియో" అనే సయానీ గారి గొంతు వల్ల వచ్చిందే ఎక్కువ. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారు. ఆ రోజు మీ నాయనమ్మ టీవీ ఆపనివ్వలేదు.

మాది వాల్వు రేడియో. స్విచ్ వేసి, అది వేడెక్కేదాకా ఆగాలి. ఎనిమిదింటికి పాట కావాలంటే కాస్త ముందే వెయ్యాలన్నమాట. సిలోన్ నుంచి వచ్చే షార్ట్‌వేవ్ గొంతు పైన ఆకాశంలో ఒక పొరకు తగిలి కిందికి దిగుతుంది, అందుకే అంత దూరం వస్తుంది, అందుకే దగ్గరికొచ్చి దూరమవుతూ ఉంటుంది. వేసవిలో మరీ అన్యాయం. సాయంత్రం ఎక్కడో ఉరుము ఉరిమితే ఇక్కడ రేడియో గరగర. సరిగ్గా మొదటి పాట చెప్పబోయే ముందు గరగరమంటే, మర్నాడు వీధంతా ఒకటే గొడవ. మా ఇంట్లో ఒక పేరు వినిపించేది, పక్కింటి ఒడియా వాళ్ళకి ఇంకోటి. ట్రాన్సిస్టర్ ఉన్నవాళ్ళు అయిపోవచ్చిన బ్యాటరీలు ఎండలో పెట్టి ఇంకో వారం లాగేవారు.

అయితే ఒక సంగతి. ఆ జాబితాలో మన తెలుగు పాట ఉండదు, ఒడియా పాట ఉండదు. బరంపురంలో ఉండి మనం ఒక్క హిందీతోనే బతకలేదు కదా! ముల్లు ఇటు జరిపితే కటక్ స్టేషన్, ఒడియా గాయకుడు అక్షయ మహంతి పాట. అటు జరిపితే విశాఖపట్నం. సిలోన్‌లోనే తెలుగు పాటలకి మీనాక్షి పొన్నుదురై గారు ఉండేవారు, ఆవిడ తెలుగు కొత్తగా, ముద్దుగా ఉండేది. వీటికి ర్యాంకులు ఎవరిచ్చేవారంటారా? నన్నడిగితే మైకు సెట్టువాడు.

నవ్వకండి, నిజమే చెప్తున్నాను. వైశాఖం, జ్యేష్ఠం పెళ్ళిళ్ళ రోజులు. రెండేళ్ళకోసారి చైత్రంలో మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతర, నెల పొడుగునా వేషాలూ బాజాలూ. పందిరి పక్కన మైకు సెట్టువాడు పెట్టె తెరిచి, గ్రామఫోను ముల్లు మార్చి, రికార్డు తిప్పేవాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. పాటలు అంత పొట్టిగా ఉండడానికి సగం కారణం అదే. జనం "మళ్ళీ వెయ్యి" అంటే వేస్తాడు. తెలుగు పెళ్ళిలో ఒడియా పాట, ఒడియా పెళ్ళిలో తెలుగు పాట, రెండింట్లోనూ హిందీ. ఏ రికార్డు అరిగిపోయి ఒకేచోట గిరగిరా తిరిగి అదే మాట అంటూంటుందో, అదే ఆ వేసవికి మా ఊరి నంబర్ వన్. బొంబాయి షాపుల లెక్క కన్నా ఈ లెక్కే నాకు నమ్మకం.

చిన్నదానికి ఇంకో మాట. సయానీ గారు ఆ పాత రోజుల్ని తలుచుకుంటూ చేసిన 'గీత్‌మాలా కీ ఛావ్ మే' అనే సీడీలు సరిగమ వాళ్ళు వేశారు. మీ ఫోన్‌లో వెతికితే దొరకొచ్చు. దొరికితే నాకూ పంపు. సెలవులకి వచ్చినప్పుడు అందరం కలిసి విందాం. కానీ పెద్దాడికి ముందే చెప్పు, వేలితో ముందుకి జరిపి ఆఖరి పాట దగ్గరికి దూకితే ఫోన్ నా దిండు కిందకి పోతుంది.

మామిడిపళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు. వచ్చాక రాస్తాను.

ఇట్లు
మీ తాతయ్య