సున్నపు తేట మీద కట్టే పొర

ప్రియమైన పిల్లలూ,

వెడల్పాటి పళ్లెంలో సున్నపు తేట పోసి కదపకుండా ఉంచండి. కంట్లో పడకుండా చూసుకోండి. సున్నం మీద నీళ్లు పోసే పని మాత్రం పెద్దవాళ్లకే వదిలేయండి, అది కుతకుతలాడి చిమ్ముతుంది. కొన్ని గంటలకు తేట మీద పలచటి తెల్లపొర కడుతుంది. పుల్లతో తాకితే పెళుసుగా విరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సున్నపురాయి అయిందన్నమాట. గాలిలోంచి ఈ వాయువును వడగట్టి పట్టే యంత్రాలున్నాయి. వాటి పని సగం ఆ పళ్లెంలోనే అయిపోయింది.

చిక్కంతా మిగతా సగంలో ఉంది. ఆ సున్నం ఎక్కడిది? సున్నపురాయిని కాలిస్తే వచ్చింది. 100 గ్రాముల రాయి పూర్తిగా కాలితే 56 గ్రాముల సున్నం మిగిలి, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. పళ్లెం పట్టింది బట్టీ వదిలినదాన్నే! అందుకే బట్టీని మూసి, వచ్చిన వాయువును గొట్టాల్లోకి మళ్లించి, మిగిలిన సున్నాన్నే మళ్లీ మళ్లీ వాడాలి. బట్టీకి 900 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి బొగ్గుతో పుట్టిస్తే లెక్క తిరగబడుతుంది.

ఇంకో రకం యంత్రాలు అంత వేడి అడగవు. వాటి వడపోత పొరల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే అమీన్లనే రసాయనాలు ఉంటాయి. ఫ్యాను గాలిని పొరల గుండా లాగుతుంది. అవి నిండగానే పెట్టె తలుపులు మూసి, లోపలి గాలిని తోడేసి, 100 డిగ్రీల దాకా వేడిచేస్తే పట్టినదంతా వదిలేస్తాయి. చల్లారకముందే తలుపు తీశారో, వేడి మీదున్న అమీన్లను ఆక్సిజన్ పాడుచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే పొరలు నీటినీ పడతాయి, దాన్ని ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చు.

పైగా గాలిలో 10,000 అణువులకు నాలుగే కార్బన్ డయాక్సైడ్‌వి. రవ్వంత వదలకుండా పట్టినా ఒక టన్నుకు సుమారు 13 లక్షల ఘనపు మీటర్ల గాలి తోడాలి. ఐస్‌లాండ్‌లో 2021లో మొదలైన ఓర్కా అనే ఇలాంటి కేంద్రాన్ని ఏడాదికి 4,000 టన్నులు పట్టేలా కట్టారు. లోకం ఏటా వదిలేది 3,500 కోట్ల టన్నుల పైమాటే. బొగ్గు కాల్చడం మానకుండా ఈ యంత్రాలను నమ్ముకోవడం, కుళాయి కట్టకుండా చెంచాతో తొట్టి తోడటమే.

పట్టినదాన్ని ఎక్కడ దాచాలి? ఐస్‌లాండ్‌లో దాన్ని నీటిలో కరిగించి, సోడాలా, బసాల్ట్ అనే నల్లరాతిలోకి దింపుతారు. టన్నుకు పాతిక టన్నుల దాకా నీళ్లు కావాలి. ఆ పుల్లనీరు రాతిలోని కాల్షియాన్ని కరిగిస్తుంది, క్రమంగా పులుపు తగ్గుతుంది. అక్కడి తొలి ప్రయోగంలో దింపిన వాయువులో 95 శాతం పైగా రెండేళ్లలోపే రాయిగా గట్టిపడింది. నల్లరాతి బెజ్జాల్లో తెల్లగా పేరుకునేది కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. మీ పళ్లెంలో పుల్లకు తగిలిన పొర కూడా కాల్షియం కార్బొనేటే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య