చేప కంటే ముందు రాయి

చిరంజీవులకు ఆశీస్సులు.

సముద్రపు ఉప్పునీళ్లలో బతికే మరుగుజ్జు ఏంజెల్ చేప కావాలన్నారు. తప్పకుండా పెంచండి, కానీ ఇప్పుడే కొనకండి. కోరల్ బ్యూటీ రకం అయినా, ఫ్లేమ్ ఏంజెల్ రకం అయినా లైటు వెలిగినప్పటి నుంచి ఆరేదాకా రాళ్ల సందుల్లో తిరుగుతూ, పలచగా పట్టిన నాచునీ అందులోని సన్నపురుగులనీ గీకి తింటూనే ఉంటుంది. కొత్త తొట్టిలో రాయి నున్నగా, తెల్లగా ఉంటుంది. అక్కడ ఎంత గీకినా నోటికి ఏమీ దొరకదు. చేప రోజురోజుకీ చిక్కిపోతుంది.

అందుకే 250 లీటర్ల తొట్టి, అందులో గుహల్లా పేర్చిన ఇరవై, పాతిక కిలోల రాయి ముందు సిద్ధం చేయండి. నీళ్లలో చేపకు విషమయ్యే అమోనియా, నైట్రైట్ సున్నాకి రావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది చాలదు. రాయి మీద ముందు గోధుమరంగు పొర వచ్చి పోవాలి, తర్వాత పచ్చనాచు నిలవాలి. ఆర్నెల్లు ఆగగలిగితే మరీ మంచిది.

నీళ్ల దగ్గర మాత్రం రాజీ వద్దు. మన హైదరాబాద్ బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వంటింటి ఆర్వో నీళ్లు కూడా నేరుగా పనికిరావు. చాలా మిషన్లు రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతాయి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే వాడండి. లీటరుకు సుమారు 36 గ్రాముల మెరైన్ సాల్ట్ వేసి, చిన్న మోటారుతో ఒకరోజు కలపండి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 రావాలి. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో అసలు పరీక్ష. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడెక్కేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది గానీ నీళ్లు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, నీళ్లు చిక్కబడతాయి. అద్దం మీద గీత గీసుకుని రోజూ అంతవరకూ ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు. నా మాట వింటే నీళ్లను చల్లబరిచే మిషను, అదే చిల్లర్, కొనండి. కరెంటు పోతే గాలి ఆగకుండా బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి.

ఒక్క చేపే కొనండి. ఇవి ముందు ఆడవిగా ఎదిగి, గుంపులో పెద్దది మగదిగా మారుతుంది. రెండు మగవి ఒకే తొట్టిలో పడితే కొట్టుకుంటాయి. మిగతా చేపలన్నీ కుదురుకున్నాక దీన్ని చివర్లో వదలండి. పగడాలు పెంచే ఆలోచన ఉంటే ముందే చెబుతున్నా, కొన్ని ఏంజెళ్లు వాటినీ కొరుకుతాయి.

దుకాణంలో మీ కళ్లముందే మేత వేయించండి. తినకపోతే, పొట్ట లోపలికి పోయి ఉంటే వదిలేయండి. తెచ్చాక కనీసం నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచండి. తెల్లమచ్చల జబ్బుకి రాగి మందు వాడాల్సి వస్తే టెస్ట్ కిట్‌తో కొలుస్తూ మెల్లగా పెంచండి, ఈ జాతి రాగిని అంతగా తట్టుకోదు. రోజుకు రెండు మూడుసార్లు మైసిస్ రొయ్య, స్పిరులినా కొద్దికొద్దిగా వేసి, నోరి అనే ఎండిన సముద్రపు నాచు ఆకు క్లిప్పుకి తగిలించండి.

చేప దవడ పక్కన, కింది వైపు ముల్లు ఉంటుంది. వలలో చిక్కితే చెంప చిరుగుతుంది. పట్టాల్సినప్పుడు ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలండి.

ఇట్లు,
మీ తాతయ్య