కార్డు వెనక తెల్లపట్టీ: సంతకం కథ ఎక్కడ మొదలైంది?

2000ల మొదట్లో తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల దుకాణం. పెళ్లి చీరల బిల్లుకు మా పెదనాన్న కార్డు ఇచ్చారు. క్యాషియర్ కార్డు వెనక్కి తిప్పి, చీటీ మీది సంతకం పక్కన పెట్టి చూశాడు. "కొంచెం తేడాగా ఉంది, ఇంకోసారి పెట్టండి సార్" అన్నాడు. పెదనాన్న చిన్నబుచ్చుకున్నారు. కానీ ఆ రోజుల్లో ఆయన డబ్బుకు కాపలా ఆ క్యాషియర్ కళ్లే.

కార్డు పుట్టిందే సంతకం మీద నమ్మకంతో. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డు అట్టముక్క. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఉబ్బెత్తు అంకెలున్న కార్డును చిన్న మిషన్‌లో పెట్టి, కార్బన్ చీటీ మీద అచ్చు దింపి, సంతకం తీసుకునేవారు. మన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. అయస్కాంత పట్టీ వచ్చి కార్డు గీకడం మొదలయ్యాక కూడా దుకాణంలో మనిషిని పోల్చుకునే పని సంతకానిదే.

ప్రమాదమంతా సంతకం పట్టీ ఖాళీగా వదిలేయడంలో ఉంది. కార్డు దొరికినవాడు అక్కడ తన సంతకమే పెట్టుకుంటాడు. దుకాణంలో చీటీ మీదా అదే గీస్తాడు. రెండూ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి, ఇక క్యాషియర్ ఎంత జాగ్రత్తపరుడైనా ఏం పట్టుకోగలడు? మనం ముందే సంతకం పెట్టి ఉంటే వాడు దాన్ని చెరపాలి. చాలా కార్డుల మీద పట్టీని గీకితే చెల్లదని చెప్పే 'వాయిడ్' అక్షరాలు బయటపడతాయి.

2013 డిసెంబర్ నుంచి మన దుకాణాల్లో డెబిట్ కార్డుకు పిన్ తప్పనిసరైంది. ఆ తర్వాత చిప్ కార్డులు మామూలయ్యాయి. 2018లో అమెరికాలో పెద్ద కార్డు కంపెనీలే సంతకం తప్పనిసరన్న నిబంధన ఎత్తేశాయి. 5000 రూపాయల లోపు అయితే ఇప్పుడు కార్డు ఆనిస్తే చాలు. అక్కడ సంతకం ఏమీ ఆపలేదు, నిజమే. ఆ సౌకర్యం వద్దనుకుంటే బ్యాంకు యాప్‌లో ఆపేసుకోవచ్చు. అయినా కార్డు అందగానే సంతకం చేయాలన్నది బ్యాంకుల షరతుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. రేపు గొడవ వస్తే ఖాళీ పట్టీ మనవైపు మాట్లాడదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. సంతకం ఉండాల్సిన పట్టీ మీద, లేదా కార్డు కవరు మీద, బాల్‌పెన్నుతో పిన్ రాసుకునే పెద్దవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తిరుమలలో దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేస్తాం. క్యూలో పర్సు జారిపోతే, డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చినా గంటల తరబడి చూసుకోలేం. మన తప్పు లేని మోసాన్ని మూడు పని దినాల్లో చెబితే నష్టం మన మీద పడదని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పింది. పిన్ మనమే బయటపెట్టుకుంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మనమే భరించాలి.