చూపుకు అడ్డొచ్చే భూమి

"సముద్రానికి అంత దగ్గర్లో 4,019 మీటర్ల కొండ ఉంటే, దానికి 1928లో గానీ పేరు పెట్టకపోవడమేంటండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, కోస్ట్ పర్వతాల్లో ఉన్న మౌంట్ వాడింగ్టన్ గురించి ఆ ప్రశ్న. ఆ పర్వతాలు ఎలా పుట్టాయన్నది వదిలేద్దాం. ఆ శిఖరం కనబడటం, కనబడకపోవడమే అసలు విషయం.

1925లో డాన్, ఫిల్లిస్ మండే అనే దంపతులు వాంకూవర్ దీవిలోని ఆరోస్మిత్ కొండ (1,819 మీటర్లు) మీద నుంచి, ఎక్కడో దూరంగా ఒక పెద్ద శిఖరాన్ని చూశారు. మిస్టరీ మౌంటెన్ అన్నారు. అక్కణ్ణుంచి వాడింగ్టన్ దాదాపు 244 కిలోమీటర్లు. అంత దూరం చూపు ఆనుతుందా?

ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఆరోస్మిత్‌కు 152, వాడింగ్టన్‌కు 226. కలిపితే 378. మనకు కావలసింది 244 కిలోమీటర్లే, కాబట్టి భూమి వంపు అడ్డు కాదు. అదే దూరాన సముద్రపు ఒడ్డున నిలబడితే మన కంటి ఎత్తుకు వచ్చే వాటా 5 కిలోమీటర్లే, మొత్తం 231. శిఖరం వంపు చాటుకు పోయింది! గాలిలో కాంతి కాస్త వంగుతుంది కాబట్టి 3.57 బదులు 3.86 వేస్తే కొస మాత్రం పైకి తేలుతుంది. బడిలో ఓడ బొమ్మ చూపించి "భూమి గుండ్రం" అని ఆపేస్తాం. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయిస్తే ఎంత బాగుంటుందో.

చిక్కంతా నడుమ ఉంది. రెండు శిఖరాల మధ్య గీత గీస్తే, సరిగ్గా సగం దారిలో అది సముద్రమట్టానికి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున పోతుంది. అంటే బయల్దేరిన చోటికన్నా కిందే! భూమి వంపు వల్ల నడుమ నేల ఉబ్బి పైకొచ్చింది మరి. ఆ గీత మీద అక్కడ రెండు వేల మీటర్ల కొండ ఒక్కటున్నా వాడింగ్టన్ మాయం. అందుకే ఆ దంపతులు చూసింది వేరే శిఖరమని వాదించేవాళ్లున్నారు. ఏదైతేనేం, మరుసటి ఏడాదే వాళ్లు ఆ కొండల్లోకి వెళ్లారు.

పేరు మాత్రం ఆల్ఫ్రెడ్ వాడింగ్టన్‌ది. 1860లలో బ్యూట్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ నుంచి బంగారు గనులకు రోడ్డు వేయబోయిన వ్యాపారి. 1864లో అక్కడి ఆదివాసులైన చిల్కోటిన్ ప్రజలు ఎదురుతిరిగి రోడ్డు కూలీలను చంపారు. వలస ప్రభుత్వం వాళ్లు మాట్లాడుకుందాం రమ్మని పిలిచి చిల్కోటిన్ నాయకులను ఉరితీశారు. ఆ నాయకులు నిర్దోషులని 2018లో కెనడా అప్పటి ప్రధాని ట్రూడో పార్లమెంటులో ప్రకటించారు. అలాంటి రోడ్డు తలపెట్టిన మనిషి పేరు ఆ శిఖరానికి తగదని నా అభిప్రాయం. మండే దంపతుల పేరు పక్కనున్న, అంతకన్నా చిన్న శిఖరానికి దక్కింది.