రాజీనామా సంతకం, కొత్త కంపెనీ, పాత సర్వీసు: అపోహలు - వాస్తవాలు

నష్టాల్లో మునిగిన యజమాని అదే షెడ్డులో కొత్త పేరుతో వ్యాపారం మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా, కార్మిక కేసులు చూసే నా దగ్గరికి ఉద్యోగులు దాదాపు ఒకే మాటతో వస్తారు: "రాజీనామా మీద సంతకం పెట్టేశామండీ, ఊరికే ఫార్మాలిటీ అన్నారు." మిగిలిన అపోహలన్నీ కలిసినా ఇంత నష్టం చేయవు కనుక ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: రాజీనామా ఇచ్చి కొత్త అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోవడం కాగితాల తంతు మాత్రమే. పనీ జీతమూ మారనప్పుడు సర్వీసు ఎక్కడికి పోతుంది?

వాస్తవం: స్వచ్ఛందంగా రాజీనామా చేసినవారికి, యజమాని ఉద్యోగం తీసేస్తే ఇవ్వాల్సిన రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు. సంస్థ ఒక యజమాని చేతి నుంచి మరొకరి చేతికి మారినప్పుడు, కనీసం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడికి ఒక నెల నోటీసు లేదా దాని బదులు జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పాత యజమాని చెల్లించాలి. సర్వీసుకు అంతరాయం కలగకుండా, షరతులు మునుపటికంటే తగ్గకుండా, రేపు తీసేయాల్సి వస్తే పాత సర్వీసును కూడా లెక్కగట్టే బాధ్యత కొత్త యజమానిపై ఉంటేనే పాత యజమానికి మినహాయింపు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్‌గా ఉన్న ఈ సూత్రం, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగుతోంది. అంటే పాతవారు డబ్బు కట్టాలి, లేదా కొత్తవారు సర్వీసును నెత్తికెత్తుకోవాలి. ఇద్దరూ తప్పించుకునే దారి చట్టంలో లేదు. ఆ దారి మీ రాజీనామా పత్రమే తెరుస్తుంది. పాతాయన "తనంతట తానే వెళ్లిపోయాడు" అంటాడు, కొత్తాయన "మొన్ననే చేరాడు" అంటాడు.

పన్నెండేళ్లు స్టోర్స్ చూసిన ఒకావిడ తెచ్చిన రాజీనామా ప్రతి నాకు ఇంకా గుర్తుంది. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ముందే టైపు చేసి ఉంది, తేదీ మాత్రం చేత్తో నింపారు. గేటు, వేలిముద్రల మిషను, యంత్రాలు అన్నీ అవే; ఆవిడ రాసే స్టాకు రిజిస్టరు కూడా అదే, పేజీ మీద కంపెనీ ముద్ర ఒక్కటే మారింది. ఆపి ఉంచిన రెండు నెలల జీతం సంతకం పెడితేనే వస్తుందన్నారట. అలాంటి పరిస్థితిలో సంతకం పెట్టినవారిని నేను తప్పుపట్టను. ఎనిమిది నెలలకు ఆవిడను తీసేసి, లెక్క ఆ ఎనిమిది నెలలకే కట్టారు. పన్నెండేళ్లకు రావలసిన 180 రోజుల వేతనం కోసం మేము పోరాడవలసి వచ్చింది. అందరి పత్రాలూ ఒకే రోజు, ఒకే వాక్యాలతో ఉండడం బలవంతానికి ఆధారంగా పనికొచ్చింది. చివరికి రాజీ కుదిరినా పూర్తి మొత్తం రాలేదు.

కాబట్టి సంతకానికి ముందు పాత, కొత్త కాగితాల మీద కంపెనీ గుర్తింపు సంఖ్య అయిన 21 అక్షరాంకెల సీఐఎన్ నంబరును పోల్చండి. కంపెనీ పేరు మాత్రమే మార్చుకుంటే అందులోని స్థాపన సంవత్సరం, చివరి ఆరంకెలు మారవు; అప్పుడు మీ యజమాని మారలేదు, రాజీనామా అవసరమే లేదు. నిజంగా వేరే కంపెనీ అయితే, పాత సర్వీసును అన్ని ప్రయోజనాలకూ నిరంతరంగా లెక్కిస్తామన్న వాక్యం లెటర్‌లో రాయించుకోండి. ఇప్పటికే సంతకం పెట్టినవారు ఆ రోజుల నాటి వాట్సాప్ సందేశాలను చెరిపేయకండి.

అపోహ: కొత్త యజమాని అందరినీ ఉద్యోగంలోకి తీసుకొని తీరాలి. అలా ఏమీ లేదు. అనకాపల్లి సహకార సంఘం చక్కెర మిల్లును కొన్న కేసులో, మిల్లు చేతులు మారినప్పుడు కార్మికుల హక్కు పాత యజమాని నుంచి పరిహారం పొందడమేనని, దానితోపాటు కొన్నవారి దగ్గర ఉద్యోగం కూడా కోరలేరని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది.

అపోహ: కేసు కంపెనీల దివాలా వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌టీకి వెళ్తే మన బకాయిలు రికార్డుల్లో ఉంటాయి, అడగక్కర్లేదు. ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ, నమ్మినవారు మునుగుతారు. దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు బకాయిల క్లెయిము పత్రమైన ఫారం-డి, ఆధారాలతో సహా, క్లెయిములు కోరుతూ ఇచ్చిన ప్రకటనలోని గడువులోగా అందాలి. ఆమోదం పొందిన కంపెనీ పునరుద్ధరణ ప్రణాళికలో లేని క్లెయిములు రద్దవుతాయని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది.

అపోహ: లిక్విడేషన్‌లో (కంపెనీ ఆస్తులు అమ్మి బకాయిలు తీర్చేటప్పుడు) అంతా బ్యాంకులకే. దివాలా కోడ్ 53వ సెక్షన్ ప్రకారం కార్మికుల 24 నెలల బకాయిలు, తమకు తాకట్టుగా ఉన్న ఆస్తిపై హక్కును వదులుకున్న సెక్యూర్డ్ రుణదాతలతో సమాన స్థాయిలో ఉంటాయి; ఇతర ఉద్యోగుల 12 నెలల బకాయిలు వారి తర్వాత. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి రావలసినవి పంపకాల ఆస్తిలోనే చేరవు. అయితే హక్కు తేలినంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు: జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీకి అనుకూలంగా వచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు 2023లో జోక్యం చేసుకోలేదు, 2024 నవంబర్‌లో అదే కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది.

మేనేజర్ అన్న హోదా ఉంటే పరిహారం అడగకూడదన్నదీ సగం నిజమే. కోర్టు చూసేది హోదాను కాదు, చేసిన పనిని. కాబట్టి వచ్చేటప్పుడు రోజూ మీరు చేసే పనులేమిటో ఒక కాగితం మీద రాసి తీసుకురండి.