నిబంధన మారితే విజేత మారతాడు

తొలితరం యోధుడు రాయిస్ గ్రేసీ నేటి ఛాంపియన్ల ముందు నిలవగలిగేవాడా? జపాన్‌లో ఒకప్పుడు పోటీలు నడిపిన ప్రైడ్ సంస్థ యోధులు అమెరికా సంస్థ యూఎఫ్‌సీ వారికంటే గట్టివారా? గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అభిమానుల మధ్య ఈ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు. ఇద్దరు మనుషులను పక్కపక్కన నిలబెట్టి బేరీజు వేస్తున్నాం గానీ, వారు ఏ నిబంధనల కింద పోరాడారో చూడడం లేదు.

1993 నవంబరు 12న డెన్వర్‌లో తొలి యూఎఫ్‌సీ జరిగింది. బరువు తరగతులు లేవు, పాయింట్లు వేసే న్యాయనిర్ణేతలు లేరు. కొరకకూడదు, కళ్లలో పొడవకూడదు. అంతకుమించి ఆంక్షలు పెద్దగా లేవు. ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి గ్రేసీ గెలిచాడు.

అయితే నిబంధనల బలం తెలియాలంటే చూడవలసింది 1994 డిసెంబరులో టల్సాలో డాన్ సెవెర్న్‌తో అతడు చేసిన పోరు. సెవెర్న్ అతడికంటే 30 కిలోలకు పైగా బరువైన మల్లయోధుడు. పోరులో చాలా భాగం గ్రేసీ వెల్లకిలా పడి, ఆ బరువు కింద నలుగుతూ ఓపిక పట్టాడు. చివరికి కాళ్లతో మెడ బిగించి ఓటమి ఒప్పించాడు. పట్టిన సమయం 15 నిమిషాల 49 సెకన్లు. ఇప్పటి మామూలు పోరు ఐదేసి నిమిషాల మూడు రౌండ్లు, అంటే 15 నిమిషాలే. పైగా ప్రతి రౌండూ నిలబడే మొదలవుతుంది. ఆ లెక్కన గ్రేసీ పట్టు బిగించకముందే గంట మోగేది, పైనున్న సెవెర్న్ పాయింట్లపై గెలిచేవాడని నా నమ్మకం. ఆ రాత్రి పోరు ప్రసార సమయాన్ని దాటిపోవడంతో చాలామంది ముగింపు చూడలేకపోయారు. మరుసటి ఏడాది కాలపరిమితి వచ్చింది.

మార్క్ కోల్‌మన్ కథ ఇంకా స్పష్టం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టిన ఈ అమెరికన్, ప్రత్యర్థిని కింద పడేసి, అదిమిపట్టి, పిడికిళ్లతోనూ తలతోనూ కుమ్మేవాడు. 1997 ఫిబ్రవరిలో సెవెర్న్‌ను ఓడించి యూఎఫ్‌సీ తొలి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. జులైలో మారిస్ స్మిత్ చేతిలో ఓడాడు. అది దమ్ము చాలక వచ్చిన ఓటమి, నిబంధనల తప్పు కాదు. అక్టోబరులో తలతో కుమ్మడాన్ని నిషేధించారు. ఆ తర్వాత యూఎఫ్‌సీలో వరుసగా మరో రెండు ఓడాడు. పని అయిపోయిందనుకున్న ఆ మనిషే 2000 మే 1న టోక్యో డోమ్‌లో ప్రైడ్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. అక్కడ నేలమీదున్న ప్రత్యర్థి తలపై మోకాలితో కొట్టవచ్చు. ఫైనల్‌లో ఇగోర్ వోవ్‌చాన్‌చిన్‌ను లొంగదీసింది ఆ మోకాళ్లే. మనిషి మారలేదు, కుస్తీ మారలేదు. పట్టులో ఉంచుకున్నవాడిని కొట్టడానికి మళ్లీ ఒక ఆయుధం దొరికింది.

అదే ఏడాది అమెరికాలోని న్యూజెర్సీలో, పోటీలన్నిటికీ ఒకేలా ఉండేలా రాసిన ఏకీకృత నిబంధనలు అమల్లోకి వచ్చాయి, నవంబరులో యూఎఫ్‌సీ వాటి కిందికి వచ్చింది. ప్రైడ్ మాత్రం తన దారిన నడిచింది. మొదటి రౌండు పది నిమిషాలు, పోరును మొత్తంగా చూసి తీర్పు, పడినవాడి తలపై కాలితో తన్నినా తొక్కినా సరే, తలపై మోచేతి దెబ్బ మాత్రం కూడదు. 2005లో ఆ తన్నులతో చెలరేగిన మౌరీసియో రువా, 2007లో యూఎఫ్‌సీ తొలి పోరులోనే ఓడాడు. గాయాలు కూడా కారణమే. 2010లో అక్కడే ఛాంపియన్ అయ్యాడు. కొత్త నిబంధనలకు తన ఆటను మలచుకోగలగడాన్ని నేను పెద్ద నైపుణ్యంగా లెక్కిస్తాను.

యూఎఫ్‌సీలోనే 2009లో మ్యాట్ హామిల్‌పై జాన్ జోన్స్ పూర్తి ఆధిక్యంలో ఉండి, మోచేతిని నిలువుగా కిందికి దించినందుకు అనర్హుడయ్యాడు. ఆ దెబ్బపై నిషేధాన్ని 2024 నవంబరు నుంచి ఎత్తేశారు. 2021లో పీటర్ యాన్, మోకాలు నేలకు ఆనించి ఉన్న అల్జమైన్ స్టెర్లింగ్ తలపై, నిషేధం ఉన్నా, మోకాలితో కొట్టి ఏకంగా టైటిల్‌నే పోగొట్టుకున్నాడు. కోల్‌మన్‌కు గ్రాండ్ ప్రీ తెచ్చిపెట్టిన దెబ్బ అలాంటిదే. సింగపూర్ కేంద్రంగా నడిచే వన్ ఛాంపియన్‌షిప్‌లో అది ఇప్పటికీ చెల్లుతుంది.