తెలుపులో దాగిన తెలుపు: దట్టమైన రొమ్ము చుట్టూ 50 ఏళ్ల పేచీ

2024 సెప్టెంబర్ 10 నుంచి అమెరికాలో మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకునే ప్రతి మహిళకూ ఇచ్చే రిపోర్టులో ఒక మాట తప్పనిసరి అయింది: మీ రొమ్ము కణజాలం దట్టంగా ఉందా, లేదా. దట్టంగా ఉంటే మామోగ్రామ్‌లో క్యాన్సర్ కనిపెట్టడం కష్టమవుతుందని, క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుందని ఆ పేరా చెబుతుంది. కొందరికి వేరే పరీక్షలు కూడా ఉపయోగపడొచ్చు, మీ డాక్టర్‌తో మాట్లాడండి అంటూ ముగుస్తుంది. ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన నిబంధన ఇది. పట్టుమని పది వాక్యాలు కూడా లేని ఈ పేరా రావడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. చదివిన మనిషికి మాత్రం వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "అయితే ఇప్పుడు నేనేం చేయాలి?" దానికి అందులో సూటి జవాబు లేదు. ఎందుకు లేదన్నదే అసలు కథ.

రొమ్ములో కొవ్వు ఉంటుంది. పాలగ్రంథులు, నాళాలు, వాటిని పట్టి ఉంచే పీచులాంటి కణజాలం ఉంటాయి. ఎక్స్‌రే కొవ్వులోంచి సులువుగా దాటిపోతుంది కాబట్టి అది ఫిల్మ్ మీద నల్లగా, ముదురు బూడిద రంగులో పడుతుంది. గ్రంథులు, పీచు తెల్లగా పడతాయి. చిక్కేమిటంటే క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. నల్లటి చోట చిన్న తెల్ల మచ్చ ఉన్నా ఇట్టే కంటికి తగులుతుంది. అంతా తెల్లగా ఉన్నచోట అంతకంటే పెద్ద గడ్డ కూడా తప్పించుకోగలదు. ఇది చేత్తో తడిమితే తెలిసేది కాదు. గట్టిగా అనిపించే రొమ్ము ఫిల్మ్ మీద కొవ్వుతో నిండినట్టు కనిపించొచ్చు, మెత్తగా ఉన్నది దట్టమని తేలొచ్చు. పైగా ఇదేమీ జబ్బు కాదు. మామోగ్రామ్ తీయించుకునే వయసు మహిళల్లో దాదాపు సగం మందిది ఈ కోవే. వయసుతో, ముఖ్యంగా నెలసరి ఆగాక, దట్టదనం తగ్గుతూ వస్తుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి హార్మోన్ మాత్రలు వాడితే మళ్లీ పెరగొచ్చు.

రొమ్మును ఎక్స్‌రే తీయాలన్న ఆలోచన పాతదే. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ ఆపరేషన్‌లో తీసేసిన దాదాపు 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి చూశాడు. 1960లో హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ ఎవరైనా నేర్చుకుని చేయగల పద్ధతిని స్థిరపరిచాడు. 1963లో న్యూయార్క్‌లో మొదలైన పెద్ద ట్రయల్, మామోగ్రామ్‌తో క్రమం తప్పకుండా స్క్రీనింగ్ (ఏ లక్షణాలూ లేనప్పుడే చేసే పరీక్ష) చేస్తే రొమ్ము క్యాన్సర్ చావులు తగ్గుతాయని తొలిసారి చూపించింది. ఇన్నాళ్లూ ఫిల్మ్ మీది తెలుపును డాక్టర్లు అడ్డంకిగానే చూశారు. ఆ తెలుపుకే విడిగా ఏదైనా అర్థం ఉండొచ్చని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ పని చేసింది డెట్రాయిట్ రేడియాలజిస్ట్ జాన్ వుల్ఫ్. 1976లో ఆయన మామోగ్రామ్‌లను నాలుగు రకాలుగా విడగొట్టాడు. దాదాపు అంతా కొవ్వు ఉన్నవి ఎన్1. నాళాలు కొద్దిగా కనిపించేవి పీ1, బాగా కనిపించేవి పీ2. తెల్లటి పలకలు పరిచినట్టుండేవి డీవై. ఎన్1తో పోలిస్తే డీవై మహిళలకు క్యాన్సర్ ముప్పు 37 రెట్లు ఎక్కువని లెక్కగట్టాడు. ఆ అంకె విన్నవాళ్లలో చాలామంది నమ్మలేదు. నమ్మకపోవడానికి మంచి కారణమే ఉంది.

వాళ్ల వాదన ఇది. దట్టమైన రొమ్మున్న మహిళకు మొదటిసారి ఫిల్మ్ తీసేనాటికే లోపల గడ్డ ఉందనుకుందాం. తెలుపులో అది కనబడలేదు. క్యాన్సర్ లేదని రాసుకున్నారు. ఏడాది, రెండేళ్లలో అది పెరిగి బయటపడింది. లెక్కల పుస్తకంలో మాత్రం అది "దట్టమైన రొమ్ములో కొత్తగా పుట్టిన క్యాన్సర్" అయి కూర్చుంది. అంటే దట్టదనం క్యాన్సర్‌ను దాచిందే తప్ప తెచ్చిపెట్టలేదు. వుల్ఫ్ చూసిన ముప్పంతా ఈ ఆలస్యపు లెక్కే. ఇలా వాదించినవారిలో ఈగన్ కూడా ఉన్నాడు. తర్వాత జరిగిన అధ్యయనాలు కూడా ఒక దారిన నడవలేదు. కొన్ని వుల్ఫ్‌ను సమర్థించాయి, కొన్నింటిలో ఆ తేడా సన్నగిల్లింది. ఎవరూ 37 దరిదాపుల్లోకి రాలేదు. నా దృష్టిలో ఆ పెద్ద అంకే వుల్ఫ్‌కు శత్రువైంది. పదో వంతు చెప్పి ఉంటే విషయం ఇంతకాలం మూలనపడేది కాదేమో.

టొరంటోలో నార్మన్ బాయ్డ్ బృందం ప్రశ్నను మార్చింది. ఆకారాలు, రకాలు పక్కనపెట్టి, మొత్తం రొమ్ము విస్తీర్ణంలో తెల్లని భాగం ఎంత శాతమో కొలవడం మొదలుపెట్టారు. దీనికోసం 1990లలో తయారైన కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో మనిషి తెర ముందు కూర్చుని ముందు రొమ్ము అంచును గుర్తిస్తాడు, ఏ స్థాయి తెలుపు నుంచి దట్టమని లెక్కవేయాలో మీట జరుపుతూ నిర్ణయిస్తాడు. మిగతా కూడికలు యంత్రానివి. కవలల మీద చేసిన పరిశీలన 2002లో వచ్చింది. వయసు, బరువు వంటివి పక్కనపెట్టి చూస్తే, ఈ శాతంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 60 శాతానికి జన్యువులే కారణమని తేలింది.

తగువును చాలావరకు తెంచింది 2007 నాటి బాయ్డ్ పరిశోధన. కెనడా స్క్రీనింగ్ కార్యక్రమాల్లోని మహిళలను తీసుకున్నారు. 75 శాతం, అంతకుమించి దట్టంగా ఉన్నవారికి 10 శాతం లోపున్నవారితో పోలిస్తే క్యాన్సర్ అవకాశం 4.7 రెట్లు. ఇక్కడే అసలు మెలిక ఉంది. స్క్రీనింగ్‌లోనే దొరికిన క్యాన్సర్లను విడిగా చూస్తే ఆ తేడా 3.5 రెట్లు. "బాగానే ఉంది" అని చెప్పి పంపిన 12 నెలల్లోపే బయటపడిన క్యాన్సర్లలో మాత్రం 17.8 రెట్లు. ఆ 17.8లో దాచడం వాటా ఎక్కువ. అంటే అనుమానించినవాళ్లు తప్పనలేదు. కానీ అది మాత్రమే అయితే కొన్నేళ్లకు ముప్పు కరిగిపోవాలి. కనీసం 8 ఏళ్లపాటు అది అలాగే ఉంది. దట్టమైన కణజాలం క్యాన్సర్‌ను దాస్తుంది, విడిగా ముప్పునూ పెంచుతుంది. ఇద్దరి మాటా నిజమే. ఇది తేలడానికి వుల్ఫ్ నుంచి 31 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నాలుగు నుంచి ఆరు రెట్లు అన్న మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది, చదివినవాళ్లకు గుండె గుభేలుమంటుంది. అది ఆ చివరా ఈ చివరా నిలబెట్టి పోల్చిన అంకె. ఈ రెండు చివర్లలోనూ కలిపి ఉండేది కొద్దిమందే. సగటు మహిళతో పోలిస్తే, అత్యంత దట్టమైన రొమ్మున్నవారికి ముప్పు దాదాపు రెండు రెట్లు. దాని కింది మెట్టు, అంటే అక్కడక్కడా దట్టంగా ఉన్నవారికి పెరిగేది 20 శాతం ప్రాంతంలో మాత్రమే. ఎక్కువమంది ఉండేది ఈ రెండో గుంపులో. టెన్షన్ పడేవాళ్లలోనూ ఎక్కువమంది వీళ్లే.

కొలత సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రుల్లో వాడేది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తెచ్చిన బైరాడ్స్ పద్ధతి: ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. ఏ అంటే దాదాపు అంతా కొవ్వు, డీ అంటే అత్యంత దట్టం. సీ, డీ వస్తే "దట్టం" కిందికి వస్తారు. స్థూలంగా 10 శాతం ఏలో, 40 శాతం బీలో, 40 శాతం సీలో, 10 శాతం డీలో ఉంటారు. 2013లో వచ్చిన ఐదో కూర్పు శాతాల లెక్క తీసేసింది. ఒక్కచోటైనా గడ్డను దాచేంత దట్టంగా ఉంటే సీ ఇమ్మంది. అంతా చూసేవారి కంటిమీదే ఆధారం. 2016లో అచ్చయిన ఒక అధ్యయనం 83 మంది రేడియాలజిస్టుల రిపోర్టులు పరిశీలించింది. ఒకరు తాము చూసిన మామోగ్రామ్‌లలో 6.3 శాతాన్నే దట్టమన్నారు, మరొకరు 84.5 శాతాన్ని. బీకీ సీకీ మధ్య గీత ఎంత పలచనో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ గీత మీదే మహిళలకు వెళ్లే ఉత్తరాలు, అదనపు పరీక్షలు ఆధారపడుతున్నాయి. అందుకే ఆ పని కంప్యూటర్లకు అప్పజెప్పే ప్రయత్నాలు పెరిగాయి.

ఇంత తెలిసీ మహిళలకు ఎందుకు చెప్పలేదు? రేడియాలజిస్టు నుంచి డాక్టర్‌కు వెళ్లే రిపోర్టులో సాంద్రత, అంటే దట్టదనం, మాట ఉండేది. మహిళ చేతికి వచ్చే సులభ భాష ఉత్తరంలో ఫలితం మాత్రమే ఉండేది. ఈ తేడాను బయటికి లాగింది నాన్సీ కపెలో అనే కనెక్టికట్ విద్యావేత్త. ఏటా క్రమం తప్పకుండా మామోగ్రామ్ తీయించుకున్నారు. బాగానే ఉందన్న ఫలితం వచ్చిన కొద్ది వారాలకే, 2004లో, మామూలు పరీక్షలో డాక్టర్ చేతికి ఏదో తగిలింది. అల్ట్రాసౌండ్‌లో గడ్డ స్పష్టంగా కనిపించింది. అప్పటికే మూడో దశ, క్యాన్సర్ 13 లింఫ్ గ్రంథులకు పాకింది. తన రొమ్ములు దట్టమైనవని, అందుకే మామోగ్రామ్‌లో కనబడలేదని ఆమెకు తెలిసింది అప్పుడే. డాక్టర్లను అడిగి లాభం లేదనుకుని చట్టసభకు వెళ్లారు. 2009లో కనెక్టికట్ సాంద్రత సంగతి మహిళకు చెప్పి తీరాలన్న తొలి చట్టం చేసింది. టెక్సస్, న్యూయార్క్ వెంట నడిచాయి. కాలిఫోర్నియాలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2011లో ఇలాంటి బిల్లును తిప్పికొట్టి, 2012లో మరో రూపంలో వచ్చినదానిపై సంతకం చేశారు. ఎఫ్‌డీఏ 2019లో ముసాయిదా తెచ్చి, 2023 మార్చిలో తుది నిబంధన ప్రకటించేనాటికి సగానికి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక చట్టం ఉంది. అది చూడటానికి కపెలో లేరు. 2018లో కన్నుమూశారు.

వ్యతిరేకించిన డాక్టర్ల మాటను కొట్టిపారేయలేం. సగం మంది మహిళలను కంగారుపెట్టి, తర్వాత ఏం చేయాలో చెప్పలేకపోతే ఎలా అన్నారు వాళ్లు. చట్టం సైన్స్ కంటే ముందు పరుగెత్తిన మాట నిజం. అయినా ఒక మనిషి ఒంటి గురించి డాక్టర్‌కు తెలిసిన సంగతి ఆ మనిషికి తెలియకూడదనడానికి అది సరిపోయే సాకు కాదని నాకనిపిస్తుంది. ఎఫ్‌డీఏ నిబంధన చెప్పమంది కానీ, అదనపు పరీక్షకు బీమా డబ్బు కట్టాలని అనలేదు. కాబట్టి ఆ ఖర్చు చాలాచోట్ల మహిళ నెత్తినే పడింది.

అదనపు పరీక్షల్లో మొదట పరీక్షకు నిలబడింది అల్ట్రాసౌండ్. ముప్పు ఎక్కువుండి దట్టమైన రొమ్మున్న మహిళలపై 2008లో వచ్చిన అమెరికన్ అధ్యయనంలో, మామోగ్రామ్‌కు అల్ట్రాసౌండ్ తోడైతే వెయ్యి మందిలో అదనంగా 4.2 క్యాన్సర్లు దొరికాయి. దాంతోపాటు క్యాన్సర్ కాని వాటికి చేసిన బయాప్సీలూ (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) బాగా పెరిగాయి. జపాన్‌లో 40-49 ఏళ్ల మహిళలు దాదాపు 73,000 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. రెండు స్క్రీనింగ్‌ల మధ్య బయటపడే క్యాన్సర్లు అల్ట్రాసౌండ్ చేసినవైపు 18, చేయనివైపు 35.

ఎంఆర్‌ఐ దారి వేరు. అది కొవ్వు, పీచు తేడా చూడదు; రక్తంలోకి ఎక్కించిన మందు ఎక్కడ ఎక్కువగా చేరుతుందో చూస్తుంది. క్యాన్సర్‌కు రక్తం ఎక్కువ కావాలి కాబట్టి తెలుపు దానికి అడ్డురాదు. నెదర్లాండ్స్‌లో 50-75 ఏళ్ల మధ్య ఉండి, మామోగ్రామ్ బాగానే వచ్చి, అత్యంత దట్టమైన రొమ్మున్న 40,373 మందిని ఎంచి, కొందరిని ఎంఆర్‌ఐకి పిలిచారు. 2019లో ఫలితం వచ్చింది: మధ్యలో బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కి తగ్గాయి. పిలిస్తే వచ్చినవారు 59 శాతమే. వచ్చి చేయించుకున్నవారిని విడిగా చూస్తే ఆ సంఖ్య 0.8. మరోవైపు, మొదటి విడతలో వెయ్యికి దాదాపు 80 మందిని, క్యాన్సర్ లేకున్నా, ఉత్త అనుమానంతో మరిన్ని పరీక్షలకు తిప్పారు. రెండో విడతకు అది 26కి తగ్గింది. ఈ ఫలితాల దన్నుతో 2022లో యూరప్ రొమ్ము ఇమేజింగ్ నిపుణుల సంఘం 50-70 ఏళ్ల మధ్య అత్యంత దట్టమైన రొమ్మున్నవారికి రెండు నుంచి నాలుగేళ్లకోసారి ఎంఆర్‌ఐ సూచించింది. 2025లో బ్రిటన్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మామోగ్రామ్ బాగుందన్న దట్టమైన రొమ్ము మహిళల్లో వెయ్యికి కుదించిన (తక్కువ సమయంలో ముగిసే) ఎంఆర్‌ఐ 17.4 క్యాన్సర్లు పట్టుకుంది. మందు ఎక్కించి తీసే మామోగ్రామ్ 19.2, యంత్రంతో చేసే అల్ట్రాసౌండ్ 4.2 పట్టుకున్నాయి.

అయినా అమెరికా నివారణ సేవల కార్యదళం 2024 సిఫార్సుల్లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీయించుకోమంది కానీ, దట్టమైన రొమ్మువారికి అదనపు పరీక్ష చేయాలో వద్దో తేల్చడానికి ఆధారాలు చాలవంది. వాళ్ల పట్టు ఒక్కటే: ఎక్కువ క్యాన్సర్లు దొరకడం వేరు, తక్కువమంది చనిపోవడం వేరు. ఇలా అదనంగా దొరికిన వాటిలో కొన్ని ఎన్నటికీ ప్రాణం మీదికి తెచ్చేవి కాకపోవచ్చు. మధ్యలో బయటపడేవి తగ్గడం మంచి సూచనే. కానీ చావుల లెక్క తేలాలంటే అదే మహిళలను ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. ఈలోగా డీ వచ్చిన మహిళకు ఎంఆర్‌ఐ వైపు మొగ్గడానికి ఆధారం కనిపిస్తోంది. సీ వచ్చి, కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేని మహిళకు అంత బలమైన ఆధారం ఇంకా లేదు. అందుకే రిపోర్టులో "దట్టం" అన్న మాట చూసినప్పుడు అది సీనా, డీనా అని అడిగి తెలుసుకోవడం, వయసు, కుటుంబ చరిత్ర, పాత బయాప్సీలు కలిపి డాక్టర్ చేత ముప్పు లెక్క కట్టించుకోవడం మొదటి పని.